టెలివిజను తెర: అంగడి వెలుగు, ఇంటి వెలుగు

వస్తువును పేరు చూచి గాక గుణము చూచి కొనవలెనని పెద్దలు చెప్పుదురు. టెలివిజను విషయములో ఈ మాట తలక్రిందులైనది. బోధన్ పట్టణములో గాని నిజామాబాదులో గాని టెలివిజనులమ్ము అంగడిలో అడుగిడినచో ఎల్.ఇ.డి., క్యు.ఎల్.ఇ.డి., మినీ ఎల్.ఇ.డి., ఓ.ఎల్.ఇ.డి. అను పేర్లు వరుసగా వినవచ్చును. నాలుగింటిలోను అవే మూడక్షరములు కలవు. కనుక ఇవి ఒకే నిచ్చెనకు నాలుగు మెట్లనియు, ధర పెరిగిన కొలది మెట్టెక్కుచున్నామనియు కొనువారు తలచుట సహజము. కాని అది నిజము కాదు. వీనిలో మొదటి మూడును ఒక జాతి; నాల్గవది వేరొక జాతి. ఈ పేర్లను, అంగడిలో తెరను చూపు పద్ధతిని, నిపుణులు తీర్పు చెప్పు పద్ధతిని భౌతికశాస్త్ర దృష్టితో పరీక్షించుట ఈ వ్యాసము ఉద్దేశము.

తెరల మధ్య ఎంపిక అనునది మన ప్రాంతమున క్రొత్త సమస్య. 1975 ఆగస్టు నుండి 1976 జులై వరకు ఏ.టి.ఎస్.-6 ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములను అందించిన ‘సైట్’ ప్రయోగములో ఆంధ్రప్రదేశ్ గ్రామములును చేరియున్నవి. ఆ ప్రయోగమునకు సెట్లు తయారు చేసినది హైదరాబాదులోని ఈ.సి.ఐ.ఎల్. సంస్థ. 1977లో హైదరాబాదు దూరదర్శన్ కేంద్రము ప్రారంభమైనది. ఆనాడు తెర యనగా గాజు గొట్టమే. ఎలెక్ట్రానుల ధార ఫాస్ఫరు పూతను తాకి దానిని వెలిగించెడిది. ఏ కంపెనీ సెట్టు కొన్నను సూత్రము ఒక్కటే. తరువాత వచ్చిన పలుచని తెరలలో ప్లాస్మా ఒకటి. 1964లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున పుట్టిన ఈ పద్ధతిని 2013-14 సంవత్సరములలో పెద్ద కంపెనీలు విడిచిపెట్టినవి. నేడు ఇంటి కొరకు మిగిలిన జాతులు రెండే. ఒకటి వెనుకనున్న వెలుగును అడ్డగించి బొమ్మను చూపునది. రెండవది తానే వెలుగునది.

చెరకు రసము చెప్పు పాఠము

మొదటి జాతి తెరను బోధన్ ప్రాంతపు విద్యార్థులకు వివరించుటకు చక్కెర కంటె మంచి ఉదాహరణము లేదు. 1937లో శక్కర్‌నగర్‌లో వెలసి 2015 డిసెంబరులో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారమును గూర్చి వారి ఇండ్లలో పెద్దలు చెప్పియే యుందురు. చక్కెర కర్మాగారముల ప్రయోగశాలలలో రసమునందు చక్కెర పాలు ఎంతయో తెలిసికొనుటకు పోలారిమీటరు అను సాధనమును వాడుదురు. అక్కడి లెక్కలలో వినబడు ‘పోల్’ అను మాట దాని నుండి వచ్చినదే.

ఈ సాధనములో రెండు ధ్రువణకారులుండును. మొదటిది, అన్ని తలములలో కంపించు కాంతిలో ఒక తలములో కంపించు దానిని మాత్రమే పోనిచ్చును. రెండవ దానిని మొదటి దానికి అడ్డముగ త్రిప్పి యుంచినచో కాంతి ఆగిపోయి చీకటి యగును. ఇప్పుడు రెంటి నడుమ చక్కెర ద్రావణముంచిన వెంటనే మరల వెలుగు కనబడును. చక్కెర ద్రావణము కాంతి కంపించు తలమును కొంత త్రిప్పుటయే ఇందుకు కారణము. 100 మిల్లీలీటర్ల ద్రావణములో 26 గ్రాముల చక్కెర కరగియుండగా, 20 సెంటీమీటర్ల గొట్టములో తలము సుమారు 34.6 డిగ్రీలు తిరుగును. ఎంత తిరిగినదో కొలిచి ఎంత చక్కెర కలదో చెప్పుదురు.

ద్రవ స్ఫటికపు తెర, అనగా ఎల్.సి.డి., ఇట్టి ఏర్పాటే. ఇందును అడ్డముగ నుంచిన రెండు ధ్రువణ ఫలకములు కలవు. నడుమ చక్కెర నీటికి బదులు కొన్ని మైక్రోమీటర్ల మందమున ద్రవ స్ఫటికపు పొర యుండును. ఈ పదార్థ స్థితిని 1888లో రైనిట్జర్ అను ఆస్ట్రియా దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు గమనించెను. ఆయన పరీక్షించిన పదార్థము 145.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద కరగి మబ్బుగా నుండి, 178.5 డిగ్రీల వద్ద తేటపడినది. ఆ మబ్బు ద్రవములో అణువులు ద్రవమువలె కదలుచునే స్ఫటికమువలె ఒక వరుస పాటించును.

మొదట వాడుకలోనికి వచ్చిన రకములో ఈ అణువుల వరుస ఒక పలక నుండి రెండవ పలకకు చేరులోపల 90 డిగ్రీలు మెలితిరిగి యుండును. కాంతి తలము ఆ మెలికను అనుసరించి తానును తిరిగి బయటపడును. విద్యుత్ పీడనము నీయగానే అణువులు నిలువుగా సర్దుకొనును, మెలిక పోవును, చీకటి యగును. చక్కెరలో తలమును త్రిప్పునది అణువు నిర్మాణమే. ఇక్కడ త్రిప్పునది అణువుల అమరిక. ఈ భేదమును ఉపాధ్యాయులు తరగతిలో తప్పక చెప్పవలెను. నేటి టెలివిజనులలో అమరిక రకములు వేరైనను, విద్యుత్తుతో ధ్రువణమును మార్చి కాంతిని ఆపుట, విడుచుట అను సూత్రము మారలేదు.

దీనినుండి తేలు ముఖ్య విషయ మొకటి కలదు. ద్రవ స్ఫటికము వెలుగును పుట్టింపదు. అది తలుపు వంటిది. వెలుగు దాని వెనుకనున్న దీపములది. తలుపు ఎంత బిగించినను సందులనుండి కొంత వెలుగు కారును. అందుచేత ఈ జాతి తెరలలో నలుపు పూర్తి నలుపు కాజాలదు.

పేర్ల పరీక్ష

ఇప్పుడు అంగడి పేర్లను చూతము. తొలి ఎల్.సి.డి. టెలివిజనులలో వెనుక సన్నని ట్యూబు దీపములుండెడివి. తరువాత వాని స్థానములో కాంతి ఉద్గార డయోడులు, అనగా ఎల్.ఇ.డి.లు వచ్చినవి. నీలి డయోడును సాధించినందుకు 2014లో ముగ్గురు శాస్త్రజ్ఞులకు నోబెల్ బహుమానము లభించినది. తెలుపు వెలుగునిచ్చు ఎల్.ఇ.డి. దీపమునకు అదియే ఆధారము. విద్యుత్తు ఆదా అయినది, సెట్టు పలుచబడినది, దీపములలో పాదరసము అక్కరలేకపోయినది. ఇది నిజమైన అభివృద్ధియే. కాని మారినది దీపము మాత్రమే. తెర అదే ద్రవ స్ఫటికపు తెర. దానికి ‘ఎల్.ఇ.డి. టెలివిజను’ అని పేరు పెట్టుట ఇంటిలో దీపము మార్చి ఇల్లే మార్చితిమనుట వంటిది. 2009లో బ్రిటనులోని ప్రకటనల ప్రమాణాల సంస్థ, ఇట్టి ప్రకటన చూచినవారు తెరయే డయోడులతో నిర్మితమని భ్రమపడుదురని ఆక్షేపించినది. అయినను పేరు స్థిరపడిపోయినది.

క్యు.ఎల్.ఇ.డి. యందు నీలి దీపములకు ముందు క్వాంటం చుక్కలు గల పొర నుంచుదురు. ఇవి కొన్ని నానోమీటర్ల పరిమాణముగల కణములు. పరిమాణమును బట్టి అవి వెలువరించు రంగు మారును. వీని ఆవిష్కరణకు, తయారీకి 2023లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము వచ్చినది. వీని వలన ఎరుపు, ఆకుపచ్చ రంగులు శుద్ధమగును. నలుపులో మాత్రము ఏమియు మారదు. మినీ ఎల్.ఇ.డి. యందు వెనుక దీపములు చిన్నవై, వేల సంఖ్యలోనుండి, భాగములుగా విడిపోయి యుండును. బొమ్మలో చీకటిగల భాగమున దీపములను తగ్గింపవచ్చును గనుక నలుపు మెరుగుపడును. కాని భాగము కంటె చిన్నదైన వెలుగు వచ్చినపుడు, నల్లని ఆకాశములో చంద్రుని వలె, దాని చుట్టు మసక వెలుగు వలయము కనబడవచ్చును.

ఓ.ఎల్.ఇ.డి. ఒక్కటే రెండవ జాతి. 1987లో కోడాక్ సంస్థలో టాంగ్, వాన్ స్లైక్ అనువారు ప్రకటించిన పనితో ఇది ఉపయోగమునకు దగ్గరైనది. 2013 నుండి 55 అంగుళముల టెలివిజనులుగా బజారులోనికి వచ్చినది. ఇందు కర్బన సంయోగ పదార్థముల పలుచని పొరలే విద్యుత్తు ప్రవహించినపుడు వెలుగును. ప్రతి బిందువును వేరుగా ఆర్పవచ్చును. ఆరిన బిందువునకు వెనుక దీపము లేదు గనుక నిజముగా చీకటి. కనుక ‘క్యు’ అను అక్షరము చేరుట వలన వచ్చిన భేదము తరతమ భేదము. ‘ఓ’ అను అక్షరము చేరుట వలన వచ్చినది జాతి భేదము. అంగడి పలకపై రెండును ఒకే తీరుగ కనబడుటయే మన ప్రథమ ఆక్షేపణ.

‘అనంతమైన’ నిష్పత్తి

తెర చూపగల మిక్కిలి తెలుపునకు, మిక్కిలి నలుపునకు గల నిష్పత్తిని కాంట్రాస్టు అందురు. ఓ.ఎల్.ఇ.డి.కి ఇది ‘అనంతము’ అని ప్రకటనలలో చూడవచ్చును. భాగహారమున హారము సున్న అయినపుడు ఈ మాట వచ్చును. కాని గదిలో వెలుగున్నంత సేపు హారము సున్న కాదు. గది వెలుగు తెరపై పడి కొంత తిరిగి వచ్చును. ఆ వచ్చినది నలుపునకు చేరును. దీనిని లెక్కింతము.

ఒక ఎల్.సి.డి. తెర తెలుపు 400 నిట్లు, నలుపు 0.1 నిట్ అనుకొందము. ఒక చదరపు మీటరుకు ఒక కాండెలా ప్రకాశమునే నిట్ అందురు. ఓ.ఎల్.ఇ.డి. తెర, తెరయంతయు తెల్లగానున్నపుడు 250 నిట్లు, నలుపు సున్న అనుకొందము. రెండును తమపై పడిన వెలుగులో నూటికి 2 వంతులు అన్ని దిక్కులకు సమముగా చెదరగొట్టునని అనుకొందము. కిటికీలు తెరచిన గదిలో తెరపై 200 లక్సుల వెలుగు పడినచో, 200ను 0.02తో గుణించి 3.14తో భాగించగా 1.27 నిట్లు వచ్చును. దీనిని తెలుపునకు, నలుపునకు రెంటికిని కూడవలెను. అప్పుడు ఎల్.సి.డి. నిష్పత్తి 401.27ను 1.37తో భాగించగా సుమారు 293. ఓ.ఎల్.ఇ.డి. నిష్పత్తి 251.27ను 1.27తో భాగించగా సుమారు 198. ‘అనంతము’ రెండు వందలకు దిగినది. పైగా తక్కువ పేరు గల తెర ముందున్నది.

రాత్రి దీపములార్పగా తెరపై 2 లక్సులే పడినవనుకొందము. తిరిగి వచ్చు వెలుగు 0.0127 నిట్. ఇప్పుడు ఎల్.సి.డి. నిష్పత్తి సుమారు మూడున్నర వేలు, ఓ.ఎల్.ఇ.డి. నిష్పత్తి సుమారు ఇరువది వేలు. తెరలు మారలేదు, గది మారినది, తీర్పు తిరుగబడినది.

చిన్న భాగము మాత్రమే వెలిగినపుడు ఓ.ఎల్.ఇ.డి. ఇంతకంటె చాల ఎక్కువ వెలుగు నీయగలదు. తెరయంతయు వెలుగవలసినపుడు మాత్రము విద్యుత్తు, వేడిమి పరిమితుల వలన తగ్గును. పగటిపూట క్రికెట్ మైదానము ఈ రెండవ రకపు బొమ్మ. రాత్రి సినిమాలో లాంతరు పట్టుకొని నడచు మనిషి మొదటి రకపు బొమ్మ.

అంగడి తప్పు, నిపుణుని తప్పు

అంగడిలో పైకప్పునిండ దీపములుండును. సెట్టును మిక్కిలి మెరుపు చూపు ‘వివిడ్’ అమరికలో నుంతురు. పూలు, పండ్లు, సముద్రము మెల్లగ కదలు చిత్రములు చూపుదురు. నలుపు పరీక్షకు రాదు. వేగముగ కదలు బొమ్మ పరీక్షకు రాదు. వెలుగొక్కటే పోటీ పడును. నిపుణులనేకులు ఇందుకు విరుద్ధముగ చీకటి గదిలో కొలిచి, నలుపునకు పెద్ద పీట వేసి, ఓ.ఎల్.ఇ.డి.కి పట్టము కట్టుదురు. వారి కొలతలు సరియైనవే. కాని వీధి తలుపు తెరచియుండగా, ఎదుటి గోడపై ఎండ పడుచుండగా టెలివిజను చూచు ఇంటికి ఆ తీర్పు వర్తింపదు. గది వెలుగు చెప్పక తెర గొప్పదనము చెప్పుట, ఉష్ణోగ్రత చెప్పక వాయువు ఘనపరిమాణము చెప్పినట్లు అసంపూర్ణము.

ఇంటికి ఏది?

పగటి చూపు ఎక్కువైన ఇంటికి వెలుగు గల ఎల్.సి.డి. జాతి తెర చాలును. ధర కలిసివచ్చినచో మినీ ఎల్.ఇ.డి. మేలు. రాత్రి చీకటిలో సినిమాలు చూచువారికి ఓ.ఎల్.ఇ.డి. వలె నలుపు చూపునది వేరొకటి లేదు. అయితే దాని కర్బన పదార్థము వెలిగినకొలది క్షీణించును. వార్తల చానెలును దినమంతయు పెట్టియుంచు ఇంటిలో, మూలనున్న చానెలు గుర్తు, క్రిందనున్న అక్షరముల పట్టీ చోట బిందువులు అసమముగ అరిగి ముద్ర మిగులవచ్చును. తయారీదారులు దీనిని తగ్గించు ఉపాయములు చేసిరి గాని పూర్తిగా తొలగింపలేదు. ఎల్.సి.డి.లో వెనుక దీపముల పట్టీ చెడినచో మార్చవచ్చును. ఓ.ఎల్.ఇ.డి.లో తెరయే దీపము గనుక అట్టి సౌలభ్యము లేదు.

ఎల్.సి.డి.లలో రెండు అమరికలు ముఖ్యము. ఐ.పి.ఎస్. అను దానిని ప్రక్కనుండి చూచినను రంగు నిలుచును, నలుపు తక్కువ. వి.ఏ. అను దానిలో నలుపు మెరుగు, ప్రక్కనుండి చూచిన వెలవెలబోవును. చుట్టుగోడల వెంబడి బంధువులందరు కూర్చుండు ఇంటికి మొదటిదియు, ఎదుట ఇద్దరు ముగ్గురు కూర్చుండు ఇంటికి రెండవదియు తగును.

4కె అను సంఖ్యను గూర్చి ఒక మాట. 43 అంగుళముల ఫుల్ హెచ్.డి. తెరపై ఒక బిందువు వెడల్పు సుమారు అర మిల్లీమీటరు. సామాన్య నేత్రము ఒక నిముషపు కోణమును, అనగా డిగ్రీలో 60వ వంతును వేరుపరచగలదు. ఆ లెక్కన 1.7 మీటర్ల దూరము, అనగా సుమారు అయిదున్నర అడుగులు దాటిన పిదప ఆ బిందువులు విడివిడిగా కనబడవు. ఎనిమిది అడుగుల దూరమున కూర్చుండువారు 43 అంగుళములలో 4కె కొరకు అదనపు ధర పెట్టుట కన్న, ఆ సొమ్ము మంచి వెలుగునకు, మంచి నలుపునకు పెట్టుట మేలు.

విద్యార్థులు చేయదగిన పరీక్షలు

పోలరాయిడ్ చలువ కళ్ళద్దములను ఎల్.సి.డి. తెర ముందు మెల్లగ త్రిప్పినచో ఒక కోణమున తెర నల్లబడును. ధ్రువణమునకు ఇది చక్కని నిదర్శనము. అయితే దీనితో జాతిని నిర్ణయింపరాదు. బయటి వెలుగు తిరిగి రాకుండుటకు అనేక ఓ.ఎల్.ఇ.డి. తెరలపైనను ధ్రువణ ఫలకమును అంటింతురు. జాతి తెలియుటకు చీకటిలో నల్లని తెరపై తెల్లని చుక్కను చూపుమని అడుగవలెను.

రెండవ పరీక్ష ఇంటి వద్దనే చేయవచ్చును. సెల్‌ఫోనులో లక్సులు కొలచు ఏర్పాటును వాడి, టెలివిజను ఉంచు గోడ వద్ద, తెర వైపు నుండి పడు వెలుగును ఉదయము, మధ్యాహ్నము, రాత్రి కొలిచి వ్రాసికొనవలెను. అట్టి కొలత ఉరమరగానే యుండును గాని, రెండు వందలకు, రెంటికి గల భేదమును చూపుటకు చాలును. పైన చెప్పిన లెక్కలో ఆ సంఖ్యలను వేసి, ఇంటిలో టెలివిజను ఎక్కువగా చూచు వేళకు ఏ జాతి నిష్పత్తి మెరుగో పట్టికగా తయారు చేయవలెను. పదవ తరగతి విద్యార్థికి ఇది ఒక ఆదివారపు పని. సెట్టు కొనుటకు పెద్దలు నిజామాబాదు బయలుదేరు నాడు ఆ పట్టిక వారి చేతిలో నుండుట మంచిది.