పంతొమ్మిదో పిన్ను గొడవ

ఈ వారం ఒక పాలిటెక్నిక్ కుర్రాడు కాలమిస్టుకు చిన్న వీడియో పంపాడు. రాస్ప్‌బెర్రీ పై బోర్డు, దాని నెత్తిన మూడున్నర అంగుళాల టచ్ స్క్రీన్, పక్కనే ఎల్‌ఈడీ స్ట్రిప్. స్క్రీన్ మీద బటన్ నొక్కితే స్ట్రిప్ ఎర్రగా వెలగాలి. వచ్చింది మాత్రం ఆకుపచ్చ, ఊదా, తెలుపు కలగాపులగంగా ఓ మెరుపు. స్క్రీన్ మీద బొమ్మ మారినప్పుడల్లా అదే వరస.

ముందు మీటరు పట్టు, తర్వాత కోడు చూడు అని ఈ కాలమ్ ఎప్పుడూ చెప్పే మాట పాఠకులకు కంఠతా వచ్చు. డబ్ల్యూఎస్2812బి రకం లైటు ఒక్కోటి పూర్తి తెలుపులో 60 మిల్లీ ఆంపియర్ల దాకా లాగుతుంది. 60 లైట్లుంటే 3.6 ఆంపియర్లు. కానీ ఈ కుర్రాడు స్ట్రిప్‌కు వేరే అడాప్టర్ పెట్టాడు, గ్రౌండ్లు రెండూ కలిపాడు, 3.3 వోల్టుల సిగ్నల్‌ను 5కు పెంచే 74ఏహెచ్‌సీటీ125 చిప్ కూడా వేశాడు. వేలెత్తి చూపడానికి లేదు. కాలమిస్టుకు ఎంతో సంతోషం కలిగించింది అదే.

గొడవంతా 19వ పిన్ను దగ్గర ఉంది.

ఇలాంటి చవక స్క్రీన్లకు డేటా అందేది ఎస్పీఐ దారిలో, ఆ పిన్ను మీదుగానే. స్క్రీన్ చిప్, టచ్ చిప్ రెండూ ఒకే తీగను పంచుకుంటాయి. ఎవరి వంతో 24, 26 పిన్నుల మీది సెలెక్ట్ తీగలు చెబుతాయి. హాజరు వేసేటప్పుడు తన పేరు పిలిస్తేనే పలికే పిల్లల్లాంటివవి. స్ట్రిప్‌కు అలా పేరంటూ లేదు. ఉన్నదల్లా ఒక్క డేటా తీగ. పల్స్ సుమారు 0.4 మైక్రోసెకన్లు నిలిస్తే సున్నా, 0.8 నిలిస్తే ఒకటి; అలాంటివి 24 కలిస్తే ఒక లైటు రంగు. కుర్రాడు స్ట్రిప్ వైరును బోర్డు అడుగు నుంచి ఈ 19వ పిన్నుకే సోల్డర్ చేశాడు. దాంతో స్క్రీన్‌కు వెళ్లే బొమ్మను కూడా స్ట్రిప్ తన రంగులే అనుకుని మింగేసింది. పైగా స్క్రీన్ డ్రైవర్ ఎక్కగానే ఆ దారిని కెర్నల్ తన గుప్పిట్లో పెట్టుకుంటుంది. అతని ప్రోగ్రాం వెతికే స్పైడెవ్ ఫైలే కనిపించదు. ఎరుపు రాకపోవడానికి కారణం అది.

మందు తేలికే. 12వ పిన్ను పనికొస్తుంది గానీ, దాన్ని నడిపే పీడబ్ల్యూఎంనే హెడ్‌ఫోన్ సౌండూ వాడుకుంటుంది. లైట్లు కావాలంటే పాట మానుకోవాలి. 40వ పిన్ను, అంటే జీపీఐఓ 21, పీసీఎం మీద నడుస్తుంది. ఈ స్క్రీన్ సాకెట్ 26 పిన్నుల్నే కప్పుతుంది కాబట్టి 40 ఖాళీగా బయటే ఉంటుంది. వైరు ఒకటి మార్చి, ప్రోగ్రాంలో పిన్ను నంబరు మార్చి, సుడోతో నడిపితే పని అయిపోతుంది.

చేతిలో ఉన్న బోర్డుతోనే పని కానివ్వాలి, పిల్లల చేత ఇంకోటి కొనిపించకూడదు అని ఈ కాలమ్ ఎన్నోసార్లు వాదించింది. ఇక్కడ మాత్రం ఆ వాదన నిలవదు. 2023లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 5లో పిన్నుల పనంతా ఆర్‌పీ1 అనే వేరే చిప్‌కు మారింది. ఈ 40వ పిన్ను ఉపాయం దాని మీద ఉన్నదున్నట్టుగా నడవదు. కుర్రాడు బోర్డు మార్చిన రోజున పాత కష్టం మళ్లీ మొదటికొస్తుంది. అందుకే అతనికి పికో కొనుక్కోమని కాలమిస్టు రాశాడు. 2021లో 4 డాలర్ల ధరతో వచ్చిన చిన్న బోర్డు అది. అందులోని పీఐఓ ఈ పల్సుల కొలతను గడియారంలా చూసుకుంటుంది. రాస్ప్‌బెర్రీ పై నుంచి యూఎస్‌బీ మీద ‘ఎరుపు’ అని కబురు పంపితే చాలు, స్క్రీన్ జోలికి ఎవరూ పోరు. 74ఏహెచ్‌సీటీ125 మాత్రం తీసెయ్యొద్దని కింద గీత గీసి మరీ రాశాడు; పికో ఇచ్చేది కూడా 3.3 వోల్టులే.