ఫెరారా గోడపై ద్రేక్కాణ పురుషుడు: అబీ వార్బర్గ్ కళాచరిత్ర దృష్టి - ఒక విమర్శ

1912 అక్టోబరులో రోమ్ నగరంలో జరిగిన అంతర్జాతీయ కళాచరిత్ర మహాసభలో జర్మన్ పండితుడు అబీ వార్బర్గ్ (1866-1929) ఇటలీలోని ఫెరారా పట్టణపు స్కిఫనోయా ప్రాసాద కుడ్యచిత్రాలపై ప్రసంగించాడు. ఆ గోడమీది ఒక నల్లని పురుషుడు ఎవరో తేల్చడానికి ఆయన ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడి గ్రంథాన్ని సాక్ష్యంగా నిలిపాడు. ఇటాలియన్ పునరుజ్జీవన చిత్రాన్ని సంస్కృత జ్యోతిషం సాయంతో వివరించడం ఆనాటి కళాచరిత్రకారులకు అలవాటు లేని పని. వార్బర్గ్ కీర్తికి మూలమైన రచనల్లో ఈ ప్రసంగం ఒకటి. అయితే ఆ సాక్ష్యాన్ని పిలిపించిన తీరు వేరు, దానికి తీర్పులో దక్కిన విలువ వేరు.

వార్బర్గ్ హాంబుర్గ్‌లోని సంపన్న యూదు బ్యాంకర్ల కుటుంబంలో పెద్ద కొడుకు. కుటుంబ వ్యాపారంలో తన జ్యేష్ఠాధికారాన్ని తమ్ముడు మాక్స్‌కు వదిలి, అందుకు బదులుగా తాను కోరిన పుస్తకాలన్నీ కొనిపెట్టాలని బాల్యంలోనే ఒప్పందం చేసుకున్నాడని ఆ ఇంట చెప్పుకొనే కథ. బొత్తిచెల్లి చిత్రాలపై ఆయన పరిశోధన గ్రంథం 1893లో వెలువడింది. చిత్రకారుని శైలి ఒక్కటే చాలదని, ఉత్సవాలు, కవిత్వం, లేఖలు, పంచాంగాలు కూడా చిత్రానికి ఆధారాలేనని అందులోనే కనిపిస్తుంది. హాలే విశ్వవిద్యాలయం ఇవ్వజూపిన ఆచార్య పదవిని ఆయన స్వీకరించలేదు. పుస్తకాలకు డబ్బు కొరత లేని పండితుడికి అది సాధ్యమైందన్న మాట కూడా చెప్పుకోవాలి.

స్కిఫనోయా చిత్రాలను బోర్సో దెస్తే ప్రభువు 1470 ప్రాంతంలో వేయించాడు. సున్నం కింద మరుగునపడిన వాటిని 19వ శతాబ్దిలో మళ్ళీ వెలికితీశారు. ప్రతి మాసానికి మూడు అంతస్తులు: పైన గ్రీకు దేవతల విజయయాత్ర, కింద ప్రభువు కొలువు, మధ్యలో రాశి, దాని చుట్టూ మూడు వింత ఆకృతులు. మార్చి నెల చిత్రాన్ని రచించినవాడు ఫ్రాంచెస్కో దెల్ కొస్సా. అందులో మేషరాశి దగ్గర నల్లని పురుషుడొకడు చిరిగిన తెల్లని బట్టతో, నడుముకు తాడుతో నిలబడి ఉంటాడు. ఈ మధ్య అంతస్తు అర్థం చాలాకాలం ఎవరికీ తెగలేదు.

వార్బర్గ్ ఆ ఆకృతులను ద్రేక్కాణ దేవతలుగా గుర్తించాడు. రాశిని పదేసి భాగల చొప్పున మూడుగా విభజించే ఈ పద్ధతి తెలుగునాట జాతకం వేసేవారికి నేటికీ తెలిసినదే. ద్రేక్కాణమన్న మాటే గ్రీకు పదం నుంచి వచ్చింది. బృహజ్జాతకంలో మేషరాశి మొదటి ద్రేక్కాణం నల్లని మేను, ఎర్రని కన్నులు, నడుమున తెల్లని వస్త్రం, ఎత్తిన గండ్రగొడ్డలి గల రక్షకుడు. 9వ శతాబ్దిలో బాగ్దాదు జ్యోతిష్కుడు అబూ మాషర్ భారతీయుల మతంగా ఇదే రూపాన్ని వర్ణించాడు. అతని వర్ణనలో గొడ్డలి లేదు. ఫెరారా గోడమీదా లేదు. ఫ్రాంజ్ బోల్ 1903లో వెలువరించిన గ్రంథం వార్బర్గ్‌కు ఈ అరబ్బీ ఆధారాన్ని అందించింది. ఒక ఆయుధం జారిపోవడం వల్ల గ్రంథాల వరుస బయటపడటం పాఠపరిష్కర్తలకు ఎంతో ఇష్టమైన నిదర్శనం.

వివాదం దీని తరువాతి మెట్టులో ఉంది. వార్బర్గ్ దృష్టిలో ఈ పురుషుడు మూలతః గ్రీకు వీరుడు పెర్సియస్. ఈజిప్టు, భారతదేశం, అరబ్బు లోకం దాటుతూ మారువేషాలు ధరించి, చివరకు గుర్తుపట్టలేని స్థితిలో ఫెరారా చేరాడు. ఆ మారువేషం తొలగించి గ్రీకు దేవతలకు వారి రూపం వారికి తిరిగివ్వడమే పునరుజ్జీవనం చేసిన పని. ఈ కథనంలో వరాహమిహిరుడు మార్గమధ్యంలో ఒక మజిలీ మాత్రమే. దేశాల మధ్య, శాస్త్రాల మధ్య కాపలా కంచెలను తీసివేయాలన్న పండితుడు విలువల కంచెను మాత్రం ఉన్నచోటనే ఉంచాడు. గొడ్డలి ధరించి, ఎర్రని కన్నులతో కాపలా నిలిచిన నల్లని పురుషుడిని ద్వారపాల, క్షేత్రపాల మూర్తుల పక్కన నిలిపి చూసే అవసరం ఆయనకు కలగలేదు. గ్రీకు నుంచి వచ్చిన మాటకు భారతీయ శిల్పలక్షణం కొత్త దేహాన్నిచ్చి ఉండవచ్చన్న ఊహకు ఆ పథకంలో చోటు లేదు.

దీన్ని కేవలం యూరప్ గర్వంగా కొట్టిపారేయడం కూడా తొందరపాటే. జ్యోతిషం వార్బర్గ్‌కు వేడుక కాదు, మనిషిని లొంగదీసే భయం. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన లూథర్ యుగపు జ్యోతిష ప్రచారాన్ని పరిశోధించాడు. 1918లో ఆయన మనసే చెదిరింది. 1923లో స్విట్జర్లాండులోని క్రాయిట్స్‌లింగెన్ చికిత్సాలయంలో, రోగిగా ఉంటూనే, పాతికేళ్ళకు పైబడిన అమెరికా యాత్రను తలచుకొని ప్యూబ్లో ప్రజల సర్పనృత్యంపై ప్రసంగించాడు. అక్కడా అదే ప్రశ్న: భయం నుంచి ఆలోచనకు మనిషి ఎలా దూరం సంపాదిస్తాడు? గ్రీకు రూపం ఆయనకు ఆ దూరానికి మరోపేరు. భారతీయ రూపం భయం పక్షాన పడింది. కుండలినీ, నాగబంధం, గ్రహశాంతి వంటి సంప్రదాయాలలో భయానికీ రూపానికీ మధ్య ఉన్న సంబంధం ఇంత సూటిగా ఉండదు.

హాంబుర్గ్‌లో ఆయన కూర్చిన గ్రంథాలయంలో పుస్తకాలు అకారాది క్రమంలో కాక, ఒక ప్రశ్న పక్కన మరో ప్రశ్న నిలిచేలా అమర్చబడ్డాయి. ఆయన మరణించిన నాలుగేళ్ళకు, 1933 డిసెంబరులో, నాజీల పాలన నుంచి తప్పించి ఫ్రిట్జ్ సాక్స్ల్, గెర్‌ట్రూడ్ బింగ్ ఆ గ్రంథాలను ఓడల్లో లండన్‌కు చేర్చారు. 1944లో ఆ సంస్థ లండన్ విశ్వవిద్యాలయంలో భాగమైంది. భారతీయ ద్రేక్కాణ, హోరా రూపాలపై డేవిడ్ పింగ్రీ సంస్కృత మూలాలను శోధించి రాసిన వ్యాసం 1963లో వెలువడింది ఆ సంస్థ పత్రికలోనే. వార్బర్గ్ మజిలీగా దాటిపోయిన చోట పింగ్రీ ఆగాడు.