పంచాంగంలో ఆకాశం, పాఠంలో ఆకాశం

తిథి అంటే పూజలకూ తద్దినాలకూ చూసుకునేదని చాలామంది పిల్లల లెక్క. ఖగోళంలో అదొక కోణం. ఆకాశంలో సూర్యచంద్రుల మధ్య ఎడం 12 డిగ్రీలు పెరిగితే ఒక తిథి గడిచినట్టు. 30 తిథులకు 360 డిగ్రీల చుట్టు పూర్తవుతుంది. ఏ తిథి ఎప్పటిదాకా ఉందో పంచాంగంలో గంటలు, నిమిషాలతో సహా ఉంటుంది. ఓ నాలుగు నెలల తిథుల నిడివి లెక్కగట్టి చూడండి. కొన్ని 20 గంటలు దాటగానే అయిపోతాయి, కొన్ని 26 గంటల దాకా సాగుతాయి. చంద్రుడు భూమికి దగ్గరైనప్పుడు జోరుగా, దూరమైనప్పుడు నింపాదిగా నడవడమే దీనికి ముఖ్య కారణం. సైన్సు పుస్తకం ఇదే సంగతిని ‘దీర్ఘవృత్తాకార కక్ష్య’ అని ఒక్క ముక్కలో తేల్చి, పక్కన బాగా సాగదీసిన బొమ్మ వేస్తుంది. నిజానికి ఆ కక్ష్యను కొలత ప్రకారం గీస్తే కంటికి గుండ్రంగానే కనిపిస్తుంది. ఇక్కడ నా ఓటు పంచాంగానికే.

గ్రహణం దగ్గర పంచాంగం, పాఠం రెండూ సగం సగమే చెబుతాయి. పాఠంలో సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే గీత మీద ఉంటాయి. మరి ప్రతి అమావాస్యకూ సూర్యగ్రహణం ఎందుకు రాదని తెలివైన పిల్ల అడిగితే ఆ బొమ్మ దగ్గర జవాబు లేదు. చంద్రుడి దారి భూకక్ష్యా తలానికి 5 డిగ్రీల వాలులో ఉంది. ఆ రెండూ ఖండించుకునే చోట్ల దరిదాపుల్లో అమావాస్యో పున్నమో పడితేనే గ్రహణం. ఆ చోట్లే రాహుకేతువులు. పంచాంగంలో గ్రహస్థితి చూస్తే ఎప్పుడూ ఎదురెదురుగా, వెనక్కి నడుస్తూ, సుమారు 18.6 ఏళ్లకు ఒక చుట్టు చుడతాయి. లెక్కల పేజీలో బిందువులుగా ఇంత చక్కగా కుదిరినవి, ఫలితాల పేజీకి వచ్చేసరికి పాపగ్రహాలై మన రాశుల మీద పడతాయి!

గురువు సూర్యుణ్ని చుట్టడానికి 11.86 ఏళ్లని పుస్తకం చెబుతుంది. గురువు సింహరాశిలోకి వస్తే గోదావరి పుష్కరాలు, కన్యలోకి వస్తే కృష్ణా పుష్కరాలు. రాశికి ఏడాది చొప్పున పన్నెండు రాశుల లెక్క కాబట్టి, 2015, 2016 పుష్కరాలు గుర్తున్న ఇంట్లో ఆ అంకెను బట్టీ పట్టక్కర్లేదు.

ఉత్తరాయణం విషయంలో మాత్రం పంచాంగాన్ని వెనకేసుకురాలేం. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లో. మనం మకర సంక్రాంతి దాకా ఆగుతున్నాం. భూమి అక్షం బొంగరంలా ఊగడం వల్ల ఋతువులు నక్షత్రాలతో పోలిస్తే 72 ఏళ్లకో డిగ్రీ చొప్పున జరిగిపోతున్నాయి. సుమారు 1,700 ఏళ్ల కిందట కలిసి ఉన్న ఆ రెండూ ఇప్పుడు విడిపోయాయి. మేఘనాద్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం ఋతువులకు సరిపడేలా రూపొందించిన జాతీయ క్యాలెండర్ 1957 మార్చి 22 నుంచి అమల్లో ఉంది. గెజిట్‌కు ఎక్కింది గానీ ఇంటి గోడకు ఎక్కలేదు.

ఇక దూరాల సంగతి. పంచాంగంలో రోహిణి అని ఉన్న రాత్రి చంద్రుడి దరిదాపుల్లో ఎర్రటి చుక్క కోసం వెతకండి, దొరుకుతుంది. అది చుట్టూ ఉన్న చుక్కల గుంపులోదే అనిపిస్తుంది. కాదు. రోహిణి మనకు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, ఆ గుంపు 150 దగ్గర, పక్కనున్న కృత్తికలు 440 దగ్గర ఉన్నాయి. కాంతి సంవత్సరమంటే సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. దిక్కును డిగ్రీలోని కళల దాకా లెక్కపెట్టి చెప్పే పంచాంగంలో ఈ లోతుకు ఒక్క గడి కూడా లేదు.