చేను నిండా కుప్పలెందుకు?

రోహిణి కార్తె దగ్గరపడే సరికి మా వైపు చెలకల్లో ఎటు చూసినా పెంటకుప్పలే. ట్రాక్టర్ వాడు సాళ్లు పట్టినట్టు వరసగా దించిపోతాడు. వాన పడేదాకా అవి ఆ ఎండలోనే ఉంటాయి. బస్సులో పోయేవాళ్లకు ఈ రైతు ఎంత ముందుచూపున్నవాడో అనిపిస్తుంది. నాకు మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. ఎరువులోని నత్రజని కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలిసిపోతోంది మరి. కుప్ప దగ్గరికి వెళ్తే ముక్కుకు తగిలే ఆ ఘాటు అదే.

యూరియా బస్తాను ఇంట్లో చెక్కల మీద పేర్చి, తేమ తగలకుండా కాపాడుకునే మనమే పెంటను ఇలా గాలికి వదిలేస్తాం. ఎందుకంటే దానికి రసీదు ఉండదు.

మా నాయనమ్మ లెక్క వేరు. సాయంత్రం కొట్టంలో గడ్డి, వేరుశనగ పొట్టు పరిచేది. పశువులు మెత్తగా పడుకోవడానికే అనుకునేవాణ్ణి. తెల్లారి ఆ తడిసిన గడ్డినంతా పేడతో కలిపి గుంతలో వేయించేది. పశువు విసర్జించే నత్రజనిలో సగం దాకా, పొటాష్‌లో చాలా భాగం మూత్రంలోనే పోతుందని ఆ తర్వాతెప్పుడో చదువుకున్నాను. ఇప్పుడు డెయిరీల్లో సిమెంటు గచ్చు మీద పైపు పెట్టి కడిగేస్తే అదంతా మోరీ పాలు. శుభ్రం బాగానే ఉంది, చేనుకే ఏమీ మిగల్లేదు.

పచ్చి పేడ తెచ్చి చేలో పోసేవాళ్లూ ఉన్నారు. వేరుపురుగునూ చెదలనూ పిలిచి భోజనం పెట్టినట్టే. కుప్ప సరిగా మాగితే లోపలి వేడి 60 డిగ్రీలకు చేరి కలుపు విత్తనాలు చాలావరకు చస్తాయి. పచ్చిగా పోస్తే అవన్నీ పైరుతోపాటే మొలుస్తాయి. చేతిలోకి తీసుకుంటే పొడిపొడిగా రాలి, పేడ వాసన పోయి మట్టి వాసన రావాలి. అప్పుడే తోలాలి.

మాగిన ఎరువులో నత్రజని సుమారు అర శాతమే, అంటే టన్నుకు 5 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైగా ఉంటుంది. నాలుగు టన్నులు తోలే బదులు ఒక్క బస్తా చల్లితే పోదా అని కుర్రాళ్లు అడుగుతారు. లెక్క తప్పు కాదు, కొలిచే వస్తువే తప్పు. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో బార్లీ పండించే ఒక మడికి 1852 నుంచి 1871 దాకా ఏటా పశువుల ఎరువు వేసి ఆపేశారు. వందేళ్లు దాటాక కూడా, ఎన్నడూ ఎరువు ఎరగని మడికన్నా అందులో సేంద్రియ పదార్థం ఎక్కువే ఉంది. యూరియా అలా నిలవదు. అది చల్లటి దేశం అనుకోండి. మన ఎండలకు ఆ పదార్థం త్వరగా కరిగిపోతుంది కాబట్టే మన పెద్దలు రెండు మూడేళ్లకోసారైనా తోలేవారు. చెలక నేల వాన నీటిని పట్టి ఉంచాలంటే వేరే దారి నాకు తెలియదు.

రైతుకూ ఇబ్బందులున్నాయి, కాదనను. మే నెలలో గట్టిపడ్డ చెలకలో నాగలి దిగదు. వాన పడ్డాక ట్రాక్టర్ దొరకదు, దొరికినా తడి నేలలో దిగబడుతుంది. అందుకే ముందే తోలించుకుంటారు. తోలించుకోండి. ఆ డ్రైవరుకు మాత్రం ఒక్క మాట చెప్పండి: చేనంతా కుప్పలు పెట్టొద్దు, గట్టు పక్కన చెట్టు నీడన ఒక్కచోటే దించమని. పైన జానెడు మట్టి కప్పండి. తొలకరి పడి దుక్కికి అదను రాగానే చిమ్మి, ఆ పూటే దున్నేయండి.