రందకు మళ్లీ పదును

హైటెక్ సిటీ చుట్టూ మాదాపూర్, కొండాపూర్ ఫ్లాట్లలో వానాకాలం తేమకు ఉబ్బిన తలుపులు దర్వాజకు పట్టేస్తే, వడ్రంగి సంచిలోంచి బయటికొచ్చేది రంద, అదే చిత్రిక. తుప్పు పట్టి మూలన పడ్డ ఇనప రందను మళ్లీ పనిలోకి దింపే చేతులంటే నాకెంతో గౌరవం. ముందు దాన్ని విడదీసి, కిరసనాయిలు రాసి, తీగ బ్రష్షుతో తుప్పు వదిలిస్తారు. అడుగున పెన్సిలు గీతలు గీసి, మందపాటి అద్దం మీద పరిచిన గరుకు కాగితంపై రుద్దుతారు. గీతలన్నీ చెరిగితేనే అడుగు చదునైనట్టు. తర్వాత బ్లేడును సుమారు 25 డిగ్రీల వాలు తప్పకుండా సానరాయిపై నూరుతారు. వెనకవైపు లేచిన సన్నటి గరుకు అంచు వేలికి తగలగానే, బ్లేడు తిప్పి దాన్నీ తీసేస్తారు. అంచు వెంట్రుకవాసి బయటికొచ్చేలా బిగించి, టేకు చెక్కపై పోగు వాలు చూసుకుని తోస్తే, పొట్టు ఉల్లిపొరలా పల్చగా చుట్టలు తిరుగుతూ లేస్తుంది. కింద చెక్క నున్నగా మెరుస్తుంది. కరెంటు మిషన్ కన్నా నెమ్మదే. అయినా రొద లేకుండా, ఇల్లంతా దుమ్ము రేపకుండా, తలుపు అంచున ఎంత తీయాలో అంతే తీస్తుంది. ఆ ఓపిక వల్ల పాత పనిముట్టు ఇంకో తరానికి పనికొస్తుంది, మన తలుపు ఒక్క వేలితో మూసుకుంటుంది.