పెళ్లికూతురే పాడిన పాట

మన రాయలసీమలో సంజామల, కోవెలకుంట్ల, ఆళ్లగడ్డ పక్క పెళ్లి మెరవణి అంటే ఇప్పుడు డీజే బండి ఉండాల్సిందే. ఆ బండిలో సినిమా పాటలు సీజనుకొకసారి మారిపోతుంటాయి. ఒక పాట మాత్రం ఏళ్లు గడిచినా దిగిపోలేదు. అది ఏ సినిమాలోదీ కాదు. దాని వెనుక పెద్ద హీరో లేడు, పేరున్న ఆడియో కంపెనీ లేదు. 2021 ఏప్రిల్‌లో బ్లూ ర్యాబిట్ ఎంటర్‌టైన్‌మెంట్స్ అనే చిన్న సంస్థ తన యూట్యూబ్ చానల్‌లో విడుదల చేసిన 'బుల్లెట్టు బండి' అది. రాసింది లక్ష్మణ్, సంగీతం కూర్చింది ఎస్.కె. బాజి, పాడింది మోహన భోగరాజు. అదే ఏడు ఆగస్టులో మంచిర్యాల పక్క ఒక పెళ్లికూతురు తన బరాత్‌లో భర్త ముందు ఈ పాటకు ఆడింది. ఆ వీడియో ఫోన్ల మీదుగా ఊరూరా తిరిగింది. అక్కడి నుంచి పాటకు పట్టపగ్గాల్లేవు.

వీడియో తిరగడం అదృష్టం అనుకోవచ్చు. కానీ ఆ అమ్మాయి వందల పాటలుండగా దీన్నే ఎందుకు ఎంచుకుందో అదృష్టం చెప్పలేదు. దానికి జవాబు పాట కట్టడంలోనే ఉంది. ఒక గొంతును జనంలోకి పంపే పని పాట విడుదలయ్యాక మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. ఈ పాటను విన్న కొద్దీ నాకు తెలిసొచ్చింది వేరు. ఆ పనిలో ముప్పాతిక భాగం కాగితం మీద, స్టూడియోలోనే అయిపోయింది.

మన పెళ్లిపాటలు ఒకసారి తలచుకోండి. నలుగు పాటలు, తలంబ్రాల పాటలు, బంతులాట పాటలు, చివరికి అప్పగింతలు. అన్నిటా పాడేది పెద్దమ్మలు, పిన్నమ్మలు, పేరంటాళ్లు. ఎవరిని గురించి పాడతారో ఆ పిల్ల మాత్రం తల వంచుకుని కూర్చుంటుంది. అప్పగింతల్లో అయితే అత్తింట ఎట్లా మెలగాలో తల్లి చెబుతుంది, పిల్ల ఏడుస్తుంది, వినేవాళ్లూ కళ్లొత్తుకుంటారు. లక్ష్మణ్ చేసిన పెద్ద పని ఇక్కడుంది. ఆయన తల వంచుకున్న పిల్లకు నోరిచ్చాడు. ఆమె నేరుగా పెళ్లికొడుకుతోనే మాట్లాడుతుంది. ముందు తన ముస్తాబు చెప్పుకుంటుంది, తర్వాత తాను పెరిగిన ఇల్లు చెప్పుకుంటుంది. తల్లి చాటు, తండ్రి ప్రేమ, అన్నదమ్ముల ముద్దు, ఇవన్నీ అప్పగింతల పాటల్లోని సరుకే. కొత్త వస్తువు ఒక్కటీ తేలేదు. చెప్పే మనిషి మారింది, అంతే. దాంతో ఏడుపు పాట కావలసింది ఆట పాట అయింది. పుట్టింటి బెంగ పూర్తిగా పోలేదు, సంతోషం కింద సన్నగా వినబడుతూనే ఉంటుంది. అందుకే ఈ పాటకు ఆడుతున్న కూతుర్ని చూసి తండ్రులు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటారు.

వరస కూడా గమనించాలి. ముస్తాబు ముందు, పుట్టిల్లు తర్వాత. తిరగేసి రాసి ఉంటే పాట మొదట్లోనే బరువెక్కేది, డీజే బండి దగ్గరికి చేరేది కాదు. చీర, బొట్టు అంటూ ఒక్కొక్కటే లెక్కపెట్టే మాటలు తేలిక. ఎవరికైనా వెంటనే నోటికొస్తాయి. ఆ తేలిక మాటలతో వినేవాణ్ని పాటలోకి దింపి, అడుగు కుదిరాక తల్లిదండ్రుల మాట ఎత్తుతాడు.

పాదం చివరి మాటను తిప్పి మళ్లీ పాడే పద్ధతి ఒకటి ఈ పాటలో ఉంది. ఇది నాట్లు వేసే చోట, కలుపు తీసే చోట వినబడే పద్ధతి. ఒకామె పాదం ఎత్తుకుంటే మిగతావాళ్లు దాని తోకను పట్టుకుని తిప్పి అంటారు. ఈలోపు ముందు పాడే ఆమెకు ఊపిరి తిరుగుతుంది, తర్వాతి పాదం గుర్తుకొస్తుంది. వంగి పనిచేసే వాళ్లకు అది అవసరం. ఈ పాటలో ఆ తిప్పుడు ఇంకో పనికి వాడుకున్నారు. విన్న మాట వెంటనే మరోసారి వినబడటంతో రెండోసారికి వినేవాడి నోరు కూడా కలుస్తుంది. పల్లవి వచ్చేసరికి సగం మంది పాడుతుంటారు. తెలంగాణ యాసలోని మాటలు కోవెలకుంట్ల పిల్లలకు కొన్ని కొత్త. అయినా అడ్డం రాలేదంటే ఈ తిప్పుడు పుణ్యమే.

ఇక బుల్లెట్టు. రాయల్ ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 1955 నుంచి మద్రాసులో తయారైన బండి. ఊళ్లో బుల్లెట్ ఉన్నవాడంటే ఒక దర్జా. ఒకే సిలిండరు ఇంజను కాబట్టి దాని చప్పుడు కలగాపులగంగా ఉండదు. దెబ్బ, ఖాళీ, దెబ్బ, ఖాళీ అన్నట్టు విడివిడిగా పడుతుంది. పల్లవిలో రచయిత ఆ చప్పుడునే అక్షరాలుగా పెట్టాడు, బాజి దాన్ని సరిగ్గా దరువు మీద కూర్చోబెట్టాడు. అర్థం ఉన్న మాటకు భాష తెలియాలి, ఇంజను చప్పుడుకు అక్కర్లేదు. మూడేళ్ల పిల్లాడు కూడా పట్టుకునేది ఆ చోటే. అదే చోట కాలు కూడా పడుతుంది. వీడియోలోని అడుగులు కష్టమైనవి కావు. నగలు, బరువైన చీర, మెడలో దండ ఉన్న పెళ్లికూతురు కూడా వేయగలిగినవి. నేర్పుతో తేలిక చేసిన పని అది. కష్టమైన నాట్యం పెట్టి ఉంటే జనం చూసి మెచ్చుకునేవాళ్లు, తాము వేసేవాళ్లు కాదు.

మోహన గొంతు సంగతికొద్దాం. ఆమె అప్పటికి బొత్తిగా కొత్త గాయని కాదు. 2015లో వచ్చిన 'బాహుబలి'లో 'మనోహరి' ఆమె పాడిందే. 2018లో 'అరవింద సమేత' కోసం పెంచల్ దాస్ రాసిన 'రెడ్డమ్మ తల్లి' పాడింది. మన సీమ పగల కథలోని శోకం అంతా ఆ పాటలో ఆమె గొంతులో ఉంది. 'మనోహరి'లో గొంతు మెత్తగా జారుతుంది. 'రెడ్డమ్మ తల్లి'లో ఛాతీ లోపలి నుంచి లేచి, పై స్థాయిలో విరగకుండా నిలబడుతుంది. ఈ రెండూ ఒకరే పాడారని చాలామందికి తెలియదు. తెలిసే దారి కూడా తక్కువ. సినిమా పాటలో గొంతు ఒకరిది, పెదవులు ఇంకొకరివి. పాట ఎంత మోగినా జనం గుర్తుపెట్టుకునేది తెరమీది ముఖాన్నే.

'బుల్లెట్టు బండి'లో ఆమె రెండు పనులు చేసింది. ఒకటి, చదువుకున్న సంగీతాన్ని వెనక్కి పెట్టింది. స్వరాన్ని తిన్నగా, గమకాల నగిషీ లేకుండా, మాట స్పష్టంగా పడేలా పాడింది. ఊరి అమ్మాయి పాడినట్టే ఉంటుంది. ఊపిరి మాత్రం నేర్చుకున్నవాళ్ల ఊపిరి. పాదం మధ్యలో ఎక్కడా తెగదు, తిప్పుడు దగ్గర తడబడదు. పుట్టింటి మాట వచ్చినచోట గొంతు పిసరంత మెత్తబడుతుంది. అంతకంటే ఎక్కువ చేయలేదు, చేయకపోవడమే బాగుంది. 'రెడ్డమ్మ తల్లి' పాడిన మనిషికి అక్కడ ఏడిపించడం ఎంత సులువో ఆలోచిస్తే ఆ నిగ్రహం విలువ తెలుస్తుంది. రెండు, ఆమె తానే తెరమీదికొచ్చింది. పెళ్లికూతురిగా ఆమే నిలబడి, ఆమే ఆడి, తన పాటకు తానే పెదవి కదిపింది. తెర వెనుక గాయనికి ఒక చిన్న సంస్థ ముఖం ఇచ్చింది. పెద్ద సినిమా ఇవ్వలేనిది అది. బాజి కూర్పు కూడా దీనికి తగ్గట్టే ఉంది. దరువు ఎంత బలంగా ఉన్నా గొంతు మీదికి ఎక్కదు. మొదటిసారి విన్నప్పుడే మాటలు అందుతాయి.

పాడిన మనిషి పేరు జనానికి ఎట్లా చేరాలన్నది రికార్డుల తొలినాళ్ల నుంచీ ఉన్న సమస్యే. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోనుకు పాడినప్పుడు, పాట చివర తన పేరు తానే గట్టిగా చెప్పింది. ఆ రికార్డులు జర్మనీలోని హానోవర్‌లో అచ్చయ్యేవి. అక్కడివాళ్లకు ఎవరి పాట ఏదో తెలియడానికి అది గుర్తు. దాంతో లాభం ఆమెకూ కలిగింది. పాట ఎక్కడికి పోతే పేరు అక్కడికి పోయింది. మన తెలుగులో 1940ల్లో మద్రాసు హెచ్‌ఎంవీలో ఉన్న పేకేటి శివరాం కథ చెప్పుకోవాలి. తర్వాత నటుడిగా అందరికీ తెలిసిన పేకేటే ఆయన. అంతకుముందు అక్కడ కాదనిపించుకున్న ఘంటసాల గొంతును ఆయన నమ్మాడు, లలితగీతాలు పాడించి రికార్డు చేయించాడు. సినిమాల్లో ఘంటసాల ఇంకా నిలదొక్కుకోని రోజులవి. ఆ గొంతుకు తగిన పాట ఏదో పట్టుకోవడం, దాన్ని సినిమా అండ లేకుండా విడిగా వినిపించడం పేకేటి చూపు. చిన్న సంస్థలు ఇప్పుడు చేస్తున్నదీ ఆ పనే. డబ్బు మాత్రం తక్కువ.

మన సీమకే చెందిన ఉదాహరణ మంగ్లి. అనంతపురం జిల్లా గుత్తి మండలం బసినేపల్లి తండా అమ్మాయి, తిరుపతిలో సంగీతం నేర్చుకుంది. తెలంగాణ టీవీలో మాటకారిగా మొదలై, బతుకమ్మ పాటలు, పండుగ పాటలు చిన్న చిన్న చానళ్లకు పాడుతూ జనానికి దగ్గరైంది. సినిమా ఆమెను వెతుక్కుంటూ వచ్చింది తర్వాతే. 2019లో 'రాములో రాములా' నాటికి ఆ గొంతు ఎవరిదో ఊళ్లకు ముందే తెలుసు. ఆమె కూడా తన పాటల్లో తానే కనబడింది. ముఖం, పేరు, గొంతు మూడూ ఒకచోట ఉండటం వల్ల వచ్చిన బలం అది.

పేరు ఊడిపోతే ఏమవుతుందో చెప్పడానికి 2021లో వచ్చిన 'సారంగ దరియా' ఉంది. అదీ మంగ్లి పాడిందే. జనంలో ఉన్న పాట పల్లవిని తీసుకుని సుద్దాల అశోక్‌తేజ 'లవ్ స్టోరీ' సినిమా కోసం రాశారు. అంతకుముందే ఆ జానపదాన్ని 'రేలారె రేలా' టీవీ కార్యక్రమం వేదిక మీద పాడిన కోమలి పేరు అప్పుడు చర్చకొచ్చింది. దర్శకుడు శేఖర్ కమ్ముల ఆమెకు గుర్తింపు ఇస్తామని బహిరంగంగా చెప్పారు. జానపదం ఎవరిదీ కాదు, అందరిదీ అంటారు. నిజమే. కానీ ముసలమ్మల దగ్గర కూర్చుని విని, రాసుకుని, గొంతుకెక్కించుకుని తెచ్చిన మనిషి ఒకరుంటారు. ఆ మనిషి పేరు రాయడానికి ఒక్క వరుస చాలు. యూట్యూబ్‌లో ఏ జానపద పాట తెరిచినా కింద సాహిత్యం, సంగీతం, గానం, కెమెరా, ఎడిటింగ్ అని జాబితా ఉంటుంది. 'సేకరణ' అని ఒక వరుస పెట్టే చానళ్లంటే నాకు గౌరవం.

మన సంజామల ప్రాంతానికి పేరు పోవడమనే ఈ మాట మరీ తగులుతుంది. తెల్లదొరలను ఎదిరించిన, సంజామలకు చేరువలోని ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరితీశారు. ఆయన కథ తరతరాలు నిలిచింది పాటల్లోనే. తంగిరాల వెంకట సుబ్బారావు లాంటి పరిశోధకులు ఆ వీరగాథలను వెతికి, 'రేనాటి సూర్యచంద్రులు' రాసి, నరసింహారెడ్డిని, దాత బుడ్డా వెంగళరెడ్డిని అక్షరాల్లోకి తెచ్చారు. వీరుల పేర్లు మిగిలాయి. ఆ పాటలు కట్టి, ఎండలో ఊరూరా తిరిగి పాడినవాళ్ల పేర్లు చాలామటుకు పోయాయి. వాళ్ల గొంతులు ఎట్లా ఉండేవో ఊహించుకోవడమే.

చిన్న సంస్థలన్నీ మంచి పనే చేస్తున్నాయని నేను అనను. 'బుల్లెట్టు బండి' తర్వాత అదే దరువు, అదే తిప్పుడు, అదే పెళ్లి అలంకారంతో పాటలు వరదలా వచ్చాయి. చాలా వాటిలో గాయని మళ్లీ తెర వెనక్కి పోయింది. ఆడే జంట ముఖాలే వీడియో మీద బొమ్మగా ఉంటాయి, వాళ్ల పేర్లే పైన ఉంటాయి. పాడిన అమ్మాయి పేరు తెలియాలంటే కింద జాబితాలో ఐదో ఆరో వరుస దాకా వెళ్లాలి. ఆడేవాళ్ల శ్రమ తక్కువని కాదు. సినిమా చేసే పనినే చిన్న సంస్థ కూడా చేస్తే, కొత్త గొంతుకు ఆ సంస్థ వల్ల కలిగే మేలేమిటి? దీనికి ఎదురుగా హైదరాబాదు 'చౌరస్తా' బ్యాండ్ ఉంది. 'మాయ', 'ఊరెళ్లిపోత మామ' పాటల్లో వాయించేవాళ్లూ పాడేవాళ్లూ వాళ్లే ఎదురుగా నిలబడ్డారు. 2020లో కరోనా మొదలైనప్పుడు చేతులు కలపొద్దని వాళ్లు కట్టిన పాట రెండు రాష్ట్రాల్లో మోగింది. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల తర్వాత 'జాతిరత్నాలు'లో 'చిట్టి', 'డీజే టిల్లు'లో టిల్లు పాట పాడాడు. అప్పటికే జనం ఆ గొంతును పేరుతో గుర్తుపడుతున్నారు.

ఇక మన పక్క గొంతుల సంగతి. 2016 నుంచి నంద్యాల, ఎర్రగుంట్ల మధ్య రైలు నడుస్తోంది. బనగానపల్లె, కోవెలకుంట్ల, సంజామల, నొస్సం, జమ్మలమడుగు దాని దారిలోని స్టేషన్లు. ఈ దారి పొడుగునా చెక్కభజన బృందాలున్నాయి, పీర్ల పండగకు అలావి చుట్టూ పాడేవాళ్లున్నారు, అప్పగింతలు పాడితే పందిరంతా నిశ్శబ్దమయ్యే అవ్వలున్నారు. ఈ గొంతుల్లో ఒకదాన్ని రికార్డు చేయాలనుకునే కుర్రాళ్లకు ఎంత మంచి మైకున్నా ముందు చూసుకోవాల్సింది శ్రుతి. అవ్వ ఏ శ్రుతిలో సుఖంగా పాడుతుందో అదే పెట్టాలి, ట్రాకు కోసం ఆమె గొంతును పైకి లాగకూడదు. దరువు ఆమె నడకను బట్టి రావాలి. వీడియోలో ఆమే కనబడాలి. పాట పేరు పక్కనే ఆమె పేరు, ఆ పక్కనే ఊరి పేరు ఉండాలి. ఆ పాట తనకు ఎవరు నేర్పారో అడిగి, ఆ పేరు కూడా కింద రాయాలి.