ముద్దకో లెక్క

రంజాన్ నెలలో ఓ సాయంత్రం హైదరాబాద్ పాతబస్తీలో హలీం బట్టీ దగ్గర కాసేపు నిలబడి చూడండి. ఇటుకలు, మట్టితో కట్టిన పొయ్యిలో మెడదాకా దిగిన పెద్ద డేగీసా, కింద కట్టెల మంట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి నిలువెత్తు కర్రలతో దంచుతుంటారు. మన పప్పుగుత్తికి పెద్దన్నలనుకోండి. ఈ దంచుడే ఘోటా. గోధుమలు, మాంసం, పప్పులు వేటికవి కనపడకుండా కలిసిపోయి, గరిటె ఎత్తితే తీగ సాగాలి. పది పన్నెండు గంటల పని. దంచేవాళ్లలో రోజా (ఉపవాసం) ఉన్నవాళ్లూ ఉంటారు. వంట కుదిరిందో లేదో నాలిక మీద వేసుకోకుండా వాసనతోనే పట్టేసే వంటవాళ్లున్నారు. హలీం రుచి కన్నా నాకు ఆ సంగతే అబ్బురం.

హలీంకి మూలం అరబ్బుల హరీస్ అనే వంటకం. నిజాం కొలువులోని అరబ్బు సైనికులు ఉండిన బార్కస్‌లో అది ఇప్పటికీ దొరుకుతుంది. హైదరాబాద్ హలీంకి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన దేశంలో మాంసాహార వంటకానికి అలాంటి గుర్తింపు రావడం అదే మొదలు.

అయితే రంజాన్ అంటే హలీమే అనుకోవడం, సంక్రాంతి అంటే అరిసెలే అనుకోవడం లాంటిది. ఈ నెలలో ముద్దకో లెక్క ఉంది. తెల్లవారుజామున సహర్‌లో కిచిడీ, ఖీమా, ఖట్టా తిన్నా ఫజర్ (వేకువ నమాజు) వేళ కాగానే చెయ్యి ఆగిపోవాలి. ఆపైన పొద్దుగూకేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. రోగులకు, ప్రయాణాల్లో ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. హిజ్రీ ఏడాదికి సుమారు 354 రోజులే, మనకున్నట్టు అధికమాసం లేదు. అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. డిసెంబరు రోజా కన్నా జూన్ రోజా మన దగ్గర సుమారు రెండు గంటలు ఎక్కువ. దాహం సంగతి వేరే చెప్పాలా?

రాత్రి తరావీహ్ నమాజులో హాఫిజ్ (ఖురాన్ కంఠస్థం చేసినవాడు) ఖురాన్ మొత్తాన్ని, 30 పారాలనూ (భాగాలనూ), రోజుకింతని చూడకుండా వినిపిస్తాడు. ఎక్కడైనా తడబడితే వెనక నిలబడిన మరో హాఫిజ్ మాట అందిస్తాడు. దాన్ని 'లుఖ్మా ఇవ్వడం' అంటారు. లుఖ్మా అంటే ముద్దే! పెళ్లి విందుల్లో తినే లుఖ్మీ పేరూ అందులోంచి వచ్చిందే. పగలంతా ముద్ద ముట్టని మనిషికి రాత్రి మాటను ముద్దగా అందించడం ఎంత చక్కని పలుకుబడి!

నా మటుకు నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఫిత్రా అనే దానం. ఇంకో దానమైన జకాత్, ఉన్నవాళ్ల లెక్క: నిర్ణీత పరిమితికి మించిన సొమ్ము ఏడాది పాటు నిలిస్తే అందులో రెండున్నర శాతం పేదలకు తీయాలి. అది కన్నవాళ్లకూ, కన్నపిల్లలకూ ఇస్తే చెల్లదు. ఫిత్రా మాత్రం తలకింత. ఉగ్గుపాలు తాగే పసిబిడ్డ పేరున కూడా ఇన్ని గోధుమలో, వాటి వెలో తీయాల్సిందే. అదీ ఈద్ నమాజుకు ముందే చేరాలి. పండగపూట ఎవరింట్లోనూ పొయ్యి వెలగకుండా ఉండకూడదని. డేగీసాలో ఉడికే గోధుమే ఇక్కడ కొలత.

ఈసారి ఎవరైనా ఇఫ్తార్‌కి పిలిస్తే సైరన్‌కి పది నిమిషాల ముందే వెళ్లి దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే బట్ట) దగ్గర కూర్చోండి. ఖర్జూరం చేతిలో పెడతారు. వాళ్లతో పాటే మీరూ ఆగండి.